మేస్త్రి జవాబు: కొత్త సీళ్లు వేసిన కాలిపర్లు అరలో పాడవకుండా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రేకుల మీదే. అందులోనూ చాలామంది అడిగింది బిగించడం గురించి కాదు, బిగించాక పక్కన పెట్టడం గురించి. అందుకని మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి. కొత్తవాళ్ల కోసం ఒక మాట: చక్రంతోపాటు తిరిగే డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కి పట్టే బ్రేకు భాగమే కాలిపర్. దాని లోపల బోర్ అనే గుండ్రటి రంధ్రంలో పిస్టన్ కదులుతుంది. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలు, దుమ్ము పోకుండా బయట ఉండే రబ్బరు తొడుగు డస్ట్ బూట్.

ప్రశ్న: మేస్త్రి గారూ, పాత కారు ఒకటి పూర్తిగా విప్పి మళ్లీ కడుతున్నాను. బ్రేకుల పని ముందుగా చేతికి వచ్చింది కాబట్టి నాలుగు కాలిపర్లూ విప్పి, శుభ్రం చేసి, కొత్త సీళ్లు, కొత్త డస్ట్ బూట్లు వేసి బిగించేశాను. బాడీ పని, పెయింటు అయ్యేసరికి ఇంకా ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేలా ఉంది. అప్పటిదాకా వీటిని ఎలా ఉంచాలి? ఒక స్నేహితుడు నిండా బ్రేక్ ఆయిల్ పోసి మూతలు బిగించమంటున్నాడు. ఇంకొకాయన పిస్టన్ చుట్టూ వాజిలైన్ దట్టంగా పట్టించమంటున్నాడు. ఇంట్లో తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే డబ్బా ఉంది, అది కొడితే సరిపోదా?

జవాబు: ముందు ఆ డబ్బా కింద పెట్టండి. వాజిలైన్ కూడా.

డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అనే గ్లైకాల్ తరగతుల బ్రేక్ ఆయిల్ పోసే కాలిపర్లలో ఇప్పుడు వచ్చే సీళ్లు దాదాపు అన్నీ ఈపీడీఎం అనే రబ్బరుతో చేసినవి. ఈ రబ్బరు గ్లైకాల్ జాతి బ్రేక్ ఆయిల్లో ఏళ్ల తరబడి నానినా తట్టుకుంటుంది. పెట్రోలియం నుంచి వచ్చినది ఏది తగిలినా మాత్రం పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఇంజన్ ఆయిల్, కిరోసిన్, డీజిల్, మామూలు చాసిస్ గ్రీజు, వాజిలైన్, తుప్పు వదిలించే స్ప్రేలు అన్నీ ఆ కోవలోవే. నమ్మకం కుదరకపోతే మీరు తీసేసిన పాత సీళ్లు రెండు ఉంటాయిగా, ఒకదాన్ని బ్రేక్ ఆయిల్లో, రెండోదాన్ని ఇంజన్ ఆయిల్లో వేసి కొన్ని రోజులు మూత పెట్టి ఉంచండి. తర్వాత తుడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఇంజన్ ఆయిల్లోది చుట్టుకొలతలో పెద్దదై ఉంటుంది, దాని గాడిలో మళ్లీ కూర్చోబెట్టబోతే అలలు అలలుగా పైకి లేస్తుంది. కాలిపర్ లోపల అదే జరిగితే పిస్టన్ వెనక్కి రాదు, ప్యాడ్ డిస్క్‌ని వదలదు. తుప్పుకు భయపడి వాజిలైన్ పూయడమంటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెతే.

పిస్టన్ వెనక్కి రావడం అన్నాను కాబట్టి ఒక మాట. ఈ సీలు అడ్డకోత నలుచదరంగా ఉంటుంది. పెడల్ తొక్కగానే పిస్టన్ ముందుకు కదులుతుంది, సీలు పిస్టన్‌ని పట్టుకునే ఉండి దాంతోపాటు కొంచెం ఒరుగుతుంది. పెడల్ వదలగానే తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఆ వెనకడుగు మిల్లీమీటరులో కొద్ది భాగమే. ప్యాడ్ డిస్క్‌ని రాసుకోకుండా ఉండేది మాత్రం దానివల్లే. అందుకే సీలు మెత్తబడినా, ఎండి పిస్టన్‌కి అతుక్కుపోయినా, గాడిలో తుప్పు పేరుకుని సీలుని వెనక నుంచి తోస్తున్నా కాలిపర్ ముందుగా చూపించే లక్షణం ఒకటే, చక్రం వేడెక్కడం. ఆయిల్ కారడం చాలాసార్లు ఆ తర్వాతే.

ఇక అసలు శత్రువు గాలిలోని తేమ. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే షెడ్డులో కాలిపర్ ఉన్న డబ్బా పెట్టారనుకోండి, లోపలి గాలి పగలు వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి కుంచించుకుని కొత్త గాలిని తేమతో సహా లోపలికి లాగుతుంది. ఆ తేమ చల్లగా ఉన్న లోహం మీద చెమ్మగా దిగుతుంది. ఈ తంతు రోజూ జరుగుతూనే ఉంటుంది.

పడి ఉండి పాడైన కాలిపర్ విప్పినప్పుడు నేను మొట్టమొదట చూసేది పిస్టన్ మీద ఒకే ఒక్క చోటు. సీలు పట్టుకుని ఉన్న గీతకు సరిగ్గా బయట, డస్ట్ బూట్ కింద. సీలుకు లోపలి వైపు ఆయిల్లో ఉంటుంది కాబట్టి అక్కడ క్రోమ్ ఇంకా మెరుస్తూనే ఉంటుంది. దాన్ని ఆనుకుని రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున గోధుమరంగు పట్టీ ఒకటి కనబడుతుంది. గుడ్డతో రుద్దితే రంగు పోతుంది, చూసేవాళ్లు బాగుందనుకుంటారు. గోరు పెట్టి అడ్డంగా గీస్తే చిన్న చిన్న గుంటల్లో గోరు తట్టుకుంటుంది. క్రోమ్ పూతలోని సన్న రంధ్రాల గుండా తేమ దిగి, కింది ఉక్కు తుప్పు పట్టి, పూతని పైకి లేపిందన్నమాట. తర్వాతెప్పుడో కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్‌ని లోపలికి నొక్కితే ఆ గరుకు భాగం సీలు అంచు మీదుగా వెళుతుంది. సీలుకు అక్కడితో సరి.

కాబట్టి మీరు కాపాడుకోవలసిన చోటు అది. అక్కడికి పనికొచ్చేది రెడ్ రబ్బర్ గ్రీజు. ఆముదం వంటి మొక్కల నూనెతో చేసే ఎర్రటి గ్రీజు ఇది, బ్రేకు రబ్బరుకు హాని చేయదు. (తొలి రోజుల బ్రేకు ద్రవాలే ఆముదం, ఆల్కహాల్ కలిపి చేసినవి. ఆముదానికీ బ్రేకులకీ చుట్టరికం పాతదే.) టయోటా మాన్యువళ్లు ఇదే పనికి లిథియం సోప్ గ్లైకాల్ గ్రీజు అడుగుతాయి. బ్రేకు భాగాలు చేసే ఏటీఈ కంపెనీ వాళ్ల బ్రేక్ సిలిండర్ పేస్టూ ఇందుకే. మీ బండి మాన్యువల్లో ఏది రాసి ఉంటే అది వాడండి, నా మాట దాని తర్వాతే.

మీరు ఉత్తరంలో చెప్పని సంగతి ఒకటుంది. బిగించేటప్పుడు సీలుకి ఏం పూశారు? పొడిగా నెట్టేసి ఉంటే, లేదా పెట్రోలియం సరుకేదైనా రాసి ఉంటే, దాచడం గురించి ఆలోచించే ముందు విప్పండి. రెండో సందర్భంలో సీళ్లు కూడా మార్చాల్సిందే, తుడిచేస్తే పోయేది కాదు. బ్రేక్ ఆయిల్ రాసి బిగించి ఉంటే అది తప్పు కాదు, వెంటనే బండికెక్కే కాలిపర్‌కి అదే సరైన పద్ధతి. రెండేళ్లు దాచేదానికి మాత్రం నాకు నచ్చదు. బ్రేక్ ఆయిల్ తేమని పీల్చుకునే రకం. పలచటి పొరగా ఉండి పైన గాలి ఆడుతుంటే ఇంకా త్వరగా పీల్చుకుంటుంది, అప్పుడు మీరు ఇనుము మీద నీళ్లు కలిసిన పొర ఒకటి అంటించి ఉంచినట్టే లెక్క. దాచే కాలిపర్‌లో సీలుకీ, పిస్టన్‌కీ, బోర్ గోడకీ పైన చెప్పిన గ్రీజునో పేస్టునో పలచగా పూయడం మేలు. పలచగా అంటే వేలితో రాసి, అదే వేలితో దాదాపు తుడిచేసినంత. డస్ట్ బూట్ లోపలి మడతలో మాత్రం కొంచెం ధారాళంగా పెట్టవచ్చు, అక్కడే గదా ఆ గోధుమరంగు పట్టీ పుట్టేది.

మీ స్నేహితుడు చెప్పిన నిండా పోసే పద్ధతిని నేను కొట్టిపారేయను. ఆయిల్ నిండి గాలి లేకపోతే తుప్పు పుట్టదు, పైగా బ్రేక్ ఆయిల్లో తుప్పుని అడ్డుకునే రసాయనాలు కలిపే ఉంటాయి. కానీ అది కొత్త సీసాలోది అయి ఉండాలి, లోపల బుడగ కూడా మిగలకూడదు, మూతలు మరలతో బిగిసేవై ఉండాలి. ఇంత చేశాక కూడా ఎండకు ఆయిల్ వ్యాకోచించి పిస్టన్‌ని బయటికి తోస్తుంది, లేదా ఎక్కడో ఒక చుక్క చెమరుస్తుంది. ఆ చుక్క పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. సగం నింపి వదిలేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డది. ఆయిల్ మట్టం, గాలి కలిసే గీత వెంబడే గుంటలు పడతాయి. కాలిపర్లు ఇప్పటికే బండికి బిగించి, పైపులు కూడా కలిపేసి ఉంటే నేను నింపమనే చెబుతాను. విడిగా అరలో ఉండేదానికి పేస్టు, మూత, పొడి సంచి చాలు.

ఒక మినహాయింపు. పైన చెప్పిన నలుచదరపు సీలు కాలిపర్ బాడీలోని గాడిలో కూర్చుంటుంది, పిస్టన్ నునుపు మీద పని చేస్తుంది. అందుకే బోర్ గోడ మీద చిన్న మచ్చ ఉన్నా పెద్ద ప్రమాదం లేదు. కొన్ని పాత డిజైన్లలో సీలు పిస్టన్‌కే ఉండి బోర్ గోడని రాసుకుంటూ నడుస్తుంది. 1965 నుంచి 1982 దాకా షెవ్రోలే కార్వెట్‌కి వచ్చిన నాలుగు పిస్టన్ల కాలిపర్లు అలాంటివే. పోత ఇనుము బోర్ మీద పెదవి సీలు, అంటే పెదవిలా సాగిన పలచటి అంచుతో ఆపేది. బండి ఊరికే నిలబడితే బోర్ తుప్పు పట్టేది, ఆ తుప్పు మీద పెదవి నడిచి కారేది. చివరికి బోర్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దించడమే అందరూ పాటించే మందు అయింది. మీ కారు పాతది అంటున్నారు కాబట్టి సీలు ఎక్కడ కూర్చుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పిస్టన్ మీదే ఉంటే మీకు బోర్ గోడే ప్రాణం, పేస్టు అక్కడ ఒక్క అంగుళం కూడా వదలకుండా పూయాలి.

ఇప్పుడు సర్దడం. పిస్టన్‌ని చేత్తో అడుగుదాకా నొక్కండి. డస్ట్ బూట్ పెదవి పిస్టన్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడుముతూ చూడండి, ఒక్క చోట మడత పడినా తేమకి దారి దొరికినట్టే. బ్లీడింగ్ నిపిల్‌ని (ఆయిల్లోని గాలిని బయటికి వదిలే చిన్న మర గొట్టం) కూర్చునేదాకా తిప్పి కొద్దిగా బిగిస్తే చాలు. కారకుండా ఆపేది దాని కొనలోని శంకువు, మరలు కాదు. బయటికి కనిపించే మరల మీద అదే గ్రీజు కొంచెం పూసి రబ్బరు టోపీ పెట్టండి. రెండేళ్ల తర్వాత నిపిల్ విరిగి చేతిలోకి వస్తే పడే బాధ ముందు ఈ పని ఎంత. హోస్ (ఆయిల్ తెచ్చే గొట్టం) బిగించే రంధ్రానికి మరలున్న ప్లాస్టిక్ మూత వేయండి. గుడ్డపీలిక, కాగితపు ఉండ కుక్కకండి. అవి తేమ పీల్చి అక్కడే పట్టి ఉంచుతాయి, తీసేటప్పుడు పీచు లోపల వదిలిపెడతాయి. టేపు అంటిస్తే జిగురు మిగులుతుంది.

ప్యాడ్లు కూర్చునే చెక్కిన అంచుల మీద కూడా అదే గ్రీజు పలచగా రాయండి, బిగించే రోజు తుడిచేయవచ్చు. ప్యాడ్లు మాత్రం కాలిపర్‌తో కలిపి సంచిలో వేయొద్దు. వాటికి గ్రీజు అంటితే తుడిచినా పూర్తిగా పోదు.

కాలిపర్‌ని వీసీఐ కాగితంలో చుట్టండి. దాని నుంచి ఆవిరయ్యే రసాయనం లోహం మీద కంటికి కనబడని పొరగా పరుచుకుని తుప్పుని అడ్డుకుంటుంది. మూసిన సంచిలో ఉంటేనే పని చేస్తుంది. కొన్ని కాగితాలు ఇనుముకే, కొన్ని అల్యూమినియానికి కూడా పనికొస్తాయి, ప్యాకెట్ మీద చదవండి. దాన్ని మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, లోహానికి తగలకుండా సిలికా జెల్ పొట్లం వేసి, గాలి నొక్కేసి మూతి మూయండి. రంగు మారే రకం సిలికా జెల్ అయితే సంచి విప్పకుండానే సంగతి తెలుస్తుంది. నీలం రంగుది గులాబీ రంగుకి తిరిగితే మార్చాలి.

సంచి మీద ఎడమో కుడో, ముందో వెనకో, ఏ బ్రేక్ ఆయిల్‌దో, ఏ గ్రీజు పూశారో, ఏ తేదీనో రాయండి. ఎడమ కుడి ఎందుకంటే కొన్ని కాలిపర్లు అటుది ఇటు వేసినా బోల్టులు చక్కగా పడతాయి. నిపిల్ మాత్రం కిందికి వస్తుంది. గాలి పైన చిక్కుకుంటుంది, ఎంతసేపు బ్లీడింగ్ చేసినా పెడల్ మెత్తగానే ఉంటుంది.

సంచిని షెడ్డులో కాకుండా ఇంట్లో, నేల మీద కాకుండా అరలో పెట్టండి. బ్యాటరీ ఛార్జింగ్ పెట్టే చోటూ, వెల్డింగ్ చేసే చోటూ వద్దు. మొదటిదాని దగ్గర ఆమ్లపు ఆవిరి, రెండోదాని దగ్గర ఓజోను. అప్పుడప్పుడు విప్పి పిస్టన్‌ని ఆడిస్తే మంచిదని కొందరంటారు. నేను చెప్పను. కదిపిన ప్రతిసారీ కాపాడిన భాగం బయటి గాలికి తెరుచుకుంటుంది. సిలికా జెల్ రంగు చూసి మళ్లీ లోపల పెట్టేయండి.

ప్రశ్న: బైక్‌కి స్పేర్‌గా ఉంటుందని రెండు పిస్టన్ల కాలిపర్ ఒకటి కట్టించి అట్టపెట్టెలో పెట్టాను. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు చూస్తే ఒక పిస్టన్ కదులుతోంది, రెండోది కదలడం లేదు. కంప్రెసర్ గాలి కొట్టి తీసేయొచ్చా?

జవాబు: గాలితో వద్దు. బిగుసుకున్న పిస్టన్ వెనక గాలి ఒత్తిడి పేరుకుంటూ పోతుంది, పట్టు విడిచిన క్షణంలో అదంతా ఒక్కసారి బయటికి తన్నుతుంది. ఎదురుగా వేలు ఉంటే నలిగిపోతుంది. చెక్క ముక్క అడ్డం పెట్టి, చాలా తక్కువ ఒత్తిడితో చేసేవాళ్లు ఉన్నారు. చేయి తిరిగినవాళ్లకి వదిలేయండి.

ఆయిల్ ఒత్తిడితో తీయడం క్షేమం. కాలిపర్‌ని బైక్ హోస్‌కే బిగించి, ఆయిల్ నింపి గాలి తీసి, కదిలే పిస్టన్‌ని సీ క్లాంప్‌తో నొక్కి పట్టి, లివర్‌ని మెల్లగా లాగుతూ పోండి. ఒత్తిడంతా రెండోదాని మీద పడుతుంది. ఆయిల్ గాలిలా నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్ పట్టు విడిచినా ఎగిరిపడదు, బయటికి జరుగుతుంది. బయటి గోడని ప్లయర్‌తో పట్టుకోకండి. బోలుగా ఉన్న లోపలి వైపు నుంచి పట్టే ప్లయర్లు ఉంటాయి, అవి వాడండి.

తీశాక మీకు కనబడబోయేది నేను ముందే చెప్పగలను. కాలిపర్ అల్యూమినియం అయితే సీలు గాడి అడుగున తెల్లటి గట్టి పొర ఉంటుంది. అల్యూమినియం తుప్పు అది. సీలు వెనక పెరిగి దాన్ని పిస్టన్ మీదకి బిగిస్తుంది. చాలామంది పిస్టన్ మెరిపించి, కొత్త సీళ్లు వేసి, ఈ పొరని వదిలేస్తారు. కొత్త సీలు కూడా బిగుసుకుంటుంది, అప్పుడు సీలు కంపెనీని తిడతారు. ఇత్తడి లేదా గట్టి ప్లాస్టిక్ కొనతో గాడి మూలలు గీకి తీయండి. ఉక్కు సూది వాడితే గాడికి గీతలు పడతాయి. ఓపిక పట్టాల్సిన పని ఇదొక్కటే, మిగతాదంతా సులువు.

బైక్ కాలిపర్లలో ఒక్కో బోర్‌కి రెండు గాడులు ఉండడం మామూలే. లోపలిది ఒత్తిడి ఆపే సీలు, బయటిది దుమ్ము ఆపే సీలు. మందం తేడా ఉంటుంది, ఒకదాని చోట ఒకటి వేయకండి. లోపలిదానికి బ్రేక్ ఆయిల్, బయటిదానికి సిలికోన్ గ్రీజు అని హోండా మాన్యువళ్లలో చూస్తాం. సిలికోన్ గ్రీజు బయటి వైపే ఉండాలి, ఆయిల్ ఉండే వైపుకి పోకూడదు. అది గ్లైకాల్ ఆయిల్లో కరగదు. పిస్టన్ సీలు నడిచే చోట గుంటలుంటే ఎమరీ పేపర్‌తో దిద్దే ప్రయత్నం చేయకండి, ఉన్న క్రోమ్ కూడా పోతుంది. పిస్టన్ మార్చడమే.

శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్ కొడుతుంటారు కాబట్టి చెబుతున్నాను. క్లోరిన్ కలిసిన రకం క్లీనర్ ఆవిరి వెల్డింగ్ మంట దగ్గర ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. ఆ తడి ఆరని ముక్కని వెల్డింగ్ బల్ల దరిదాపుల్లోకి తీసుకెళ్లకండి.

ప్రశ్న: దాచి ఉంచిన కాలిపర్ బిగించాను. పిస్టన్ బాగానే కదులుతోంది, అయినా లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతోంది. స్లైడ్ పిన్నులకి గ్రీజు దండిగా పెట్టాను. ఇంకేం చేయాలి?

జవాబు: ఆ దండితనమే సమస్య కావచ్చు. స్లైడ్ పిన్ను అంటే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఆధారమైన కడ్డీ. అది కూర్చునే రంధ్రం అడుగు మూసి ఉంటుంది. అందులో గ్రీజు నింపి పిన్ను దూరిస్తే అడుగున గాలి, గ్రీజు చిక్కుకుంటాయి. పిన్ను పూర్తిగా లోపలికి పోదు, నొక్కి వదిలితే కొంచెం బయటికి వస్తుంది. కాలిపర్ జరగదు, పిస్టన్ వైపు ప్యాడే పనంతా చేస్తుంది. పిన్నులు తీసి, రంధ్రాలు తుడిచి, పిన్ను ఒంటికి మాత్రమే పలచగా రాసి, బూట్ పెదవిని కొంచెం ఎత్తి గాలి పోనిస్తూ దూర్చండి. వేళ్లతో అటూ ఇటూ లాగితే ఎక్కడా పట్టకుండా జరగాలి.

రెండో అనుమానం గ్రీజు జాతి మీద. చాలా కాలిపర్లలో రెండు పిన్నుల్లో ఒకదానికి చివర చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. మామూలు చాసిస్ గ్రీజు, రాగి కలిసిన గ్రీజు పెడితే ఆ తొడుగు ఉబ్బి రంధ్రంలో ఇరుక్కుంటుంది. దాచినన్నాళ్లూ ఉబ్బడానికి దానికి తీరిక దొరికింది కూడా. తొడుగు మార్చి, బ్రేకులకని చేసిన సిలికోన్ గ్రీజు వాడండి. తొడుగున్న పిన్నుని దాని రంధ్రంలోనే పెట్టండి, రెండూ తారుమారు చేయొద్దు. రాగి గ్రీజుకి రబ్బరు లేని చోట, ప్యాడ్ వెనక రేకు మీద, పని ఉంది. అక్కడికే పరిమితం చేయండి.

ప్రశ్న: సైకిల్ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల కాలిపర్ విప్పి శుభ్రం చేశాను. కొన్ని నెలలు పక్కన పెట్టాలి. కారుకి వాడే రబ్బర్ గ్రీజూ, డాట్ 4 ఆయిలూ దీనికీ వాడొచ్చా?

జవాబు: ముందు లివర్ మీద ఏం రాసుందో చూడండి. షిమానో, మగూరా బ్రేకులు మినరల్ ఆయిల్ మీద నడుస్తాయి. శ్రామ్ మోడళ్లలో చాలావాటికి డాట్ ఆయిల్, కొన్ని కొత్తవాటికి మినరల్ ఆయిల్. మినరల్ ఆయిల్ బ్రేకుల్లో సీళ్లు వేరే రబ్బరు. వాటికి డాట్ ఆయిల్ తగిలితే పాడవుతాయి. కారు కాలిపర్‌కి ఇంజన్ ఆయిల్ తగిలితే పట్టే గతే, తిరగేసి.

ఈ తిరకాసు సైకిళ్లతో మొదలైంది కాదు. ఫ్రెంచి కార్ల కంపెనీ సిట్రోయెన్ 1960ల రెండో సగంలో ఎల్‌హెచ్‌ఎం అనే ఆకుపచ్చ మినరల్ ద్రవానికి మారింది. బ్రేకులు కూడా దాని మీదే. ఆ కాలిపర్లకి డాట్ ఆయిల్ పోసినవాళ్లు సీళ్లన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

మీది మినరల్ రకమైతే అదే కంపెనీ మినరల్ ఆయిల్ చుక్కతో పిస్టన్ పక్కలు తడిపితే చాలు, గ్రీజు జోలికి పోవద్దు. ప్యాడ్లు తీసి వేరే సంచిలో వేయండి. ప్యాడ్ల చోట ప్లాస్టిక్ బ్లాక్ పెట్టి రబ్బరు బ్యాండ్ వేయండి, పొరపాటున లివర్ నొక్కినా పిస్టన్లు బయటికి రావు. కొన్ని షిమానో కాలిపర్లలో పిస్టన్ సిరామిక్‌ది, స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే అంచు పెచ్చు లేస్తుంది. ప్లాస్టిక్ లివర్ వాడండి.

ప్రశ్న: కాలిపర్ కట్టకుండా సీలు కిట్లు కొని ఉంచుకుంటే ఎన్నేళ్లు ఆగుతాయి?

జవాబు: తొందర లేనివాళ్లకి నేను చెప్పేది ఇదే. శుభ్రం చేసిన బాడీ, పిస్టన్ విడిగా పొడిగా పెట్టండి, కిట్టుని దాని ప్యాకెట్‌లోనే ఉంచండి, బండి సిద్ధమయ్యాక కట్టండి. రబ్బరు భాగాల నిల్వకి ఐఎస్ఓ 2230 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం సరిగ్గా నిల్వ చేసిన ఈపీడీఎంకి మొదటి గడువు 10 ఏళ్లు, పరీక్షించి చూశాక ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. నైట్రైల్ రబ్బరుకి 7, ఆ తర్వాత 3. సరిగ్గా అంటే 25 డిగ్రీల సెల్సియస్ లోపు, వెలుతురు తగలని చోట, ప్యాకెట్ విప్పకుండా. మేకుకి తగిలించకండి, వేలాడిన చోట సాగి నొక్కు పడుతుంది. కొన్న తేదీ కాకుండా తయారైన తేదీ చూడండి, కొట్లో ఎన్నేళ్లు ఉందో మీకు తెలియదు.

ప్రశ్న: దాచిన కాలిపర్ బిగించే రోజు ఏం చూసుకోవాలి?

జవాబు: డస్ట్ బూట్ అంచు ఎత్తి టార్చిలైటు వేయండి. ఎర్రటి గ్రీజు ఎర్రగానే ఉంటే సరే, గోధుమరంగు కనబడితే విప్పండి. పిస్టన్‌ని రెండు బొటనవేళ్లతో నొక్కుతూ తిప్పితే పట్టీపట్టనట్టుగా, నున్నగా కదలాలి. వెనక కాలిపర్లలో హ్యాండ్ బ్రేక్ కలిసి ఉంటే పిస్టన్ నొక్కితే పోదు, తిప్పుతూ పంపాలి. బలవంతం చేసి లోపలి మర పాడుచేయకండి.

బయటి గ్రీజు తుడిచేయండి, ప్యాడ్లకి అంటకూడదు. హోస్ వాషర్లు కొత్తవి వేయండి. ఆయిల్ కొత్త సీసాది పోయండి, ఎప్పుడో మూత తీసి సగం వాడినది వద్దు. డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ 3.7 శాతం దాకా చేరితే ఆ కనీస హద్దు 155కి దిగుతుంది. కాలిపర్‌ని అంత జాగ్రత్తగా పొడిగా ఉంచి, నీళ్లు పీల్చిన ఆయిల్ పోయడంలో అర్థం లేదు. మొదట వచ్చే ఆయిల్ని పాత పేస్టు కొట్టుకుపోయేదాకా నిపిల్ నుంచి ధారాళంగా వదలండి.

గాలి తీశాక పెడల్‌ని గట్టిగా తొక్కి పట్టి, ఇంకొకరిని సీలు చుట్టూ, నిపిల్ చుట్టూ, హోస్ దగ్గర పొడి కాగితం తుడిచి చూడమనండి. తర్వాత కాలు మెల్లగా ఆనించి కూడా అలాగే చూడండి. గట్టిగా తొక్కినప్పుడు కారని పెదవి సీలు తక్కువ ఒత్తిడిలో కారుతుంటుంది. అడుగుదాకా నొక్కి ఉంచిన పిస్టన్లు ప్యాడ్ల దగ్గరికి రావడానికి కొన్ని తొక్కులు పడతాయి. పెడల్ పైనే గట్టిగా నిలిచేదాకా బండి గేరులో వేయకండి.